దాచిన సూది

ఆ కోట కింది పేటలో డప్పు మోగిందంటే చాలు, తలుపులు టపటపా మూసుకునేవి. కోట ఆజ్ఞ చెవిన పడ్డవాడికే వర్తిస్తుందని అక్కడి కట్టుబాటు. విననివాడి జోలికి భటులు వెళ్లరు. అందుకని డప్పు చప్పుడు కాగానే ఇంటింటా ఉత్త రోట్లోనే రోకలిపోట్లు మొదలయ్యేవి. పన్నులు, వెట్టిచాకిరి, ఇంటికో మనిషిని యుద్ధానికి పంపమనడం తప్ప ఆ డప్పు ఏనాడు మంచి కబురు మోసింది గనక! వాళ్లనీ తప్పుపట్టలేం లెండి.

ఆ ఏడు మాయదారి రోగం వచ్చిపడింది. దగ్గుతో మొదలై, ఊపిరాడకుండా చేసి మనిషిని ఎత్తుకుపోయేది. కోట నుంచి ఒక వైద్యురాలు సూదిమందు పెట్టెతో పేటకు దిగింది. ఇది వేయించుకుంటే రోగం వచ్చినా ప్రాణం మీదికి రాదని చెప్పింది. "సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, అందర్నీ పిలువు," అంది డప్పు మనిషితో.

డప్పు మనిషికి ప్రాణం లేచొచ్చింది. అతని చెల్లెలు ఆ పేటలోనే కాపురముంటోంది, నిండు చూలాలు. నిన్న కాక మొన్నే వాళ్ల పక్కింట్లోంచి శవం లేచింది. చితుకుల మంట మీద డప్పు కాచుకుని సందుసందూ తిరిగాడు.

"సూదిమందొచ్చిందహో! ఊరికే వేస్తారహో! పిల్లాజెల్లా అందరూ రావాలహో!"

ఎవరు వింటారు? పేటపేటంతా రోకళ్లే. చెల్లెలి గుమ్మం ముందు డప్పు కింద పడేసి, రెండు చేతులా తలుపు బాదాడు.

"చెల్లీ, నేనే! ఇది పన్ను కాదే, మందు!"

లోపల రోకలి ఆగింది. "ఊరికే ఇచ్చే మొహమేనా ఆ కోటది? నిన్ను కూడా కొనేశారా అన్నా?" అంది తలుపు వెనకనుంచే. మళ్లీ పోటు అందుకుంది.

ఆ మాటకు అతని మనసు విరిగిపోయింది. వెళ్లి వైద్యురాలి ముందు చతికిలబడ్డాడు. "ఎవరూ రారమ్మా. నాకైనా వెయ్యి," అని జబ్బ చూపించాడు. ఇక డప్పు జోలికి పోలేదు.

అదుగో, అప్పుడు పుట్టింది పేటకి అసలు అనుమానం. డప్పు ఆగిందేం? తలుపు సందుల్లోంచి తొంగిచూశారు. కూడలిలో పెట్టె దగ్గర ఇద్దరే ఇద్దరు, చప్పుడు లేకుండా!

"ఆహాఁ! మనకు చెప్పకుండా వాళ్లే కాజేస్తున్నారర్రా!" అని కేకేశాడు ఒక ముసలాయన.

అంతే. బిలబిలమంటూ వచ్చి పెట్టె మీద పడ్డారు. ముందు నాకంటే నాకని జుట్లు పట్టుకున్నంత పని చేశారు. వైద్యురాలు తెల్లబోయి, వాళ్లను ఎలాగో వరసలో నిలబెట్టి సూది అందుకుంది.

చివరికి చెల్లెలూ వచ్చింది. పొట్ట పట్టుకుని ఆయాసపడుతూ అన్న మొహంలోకి గుచ్చి చూసింది.

"నా దగ్గర కూడా దాచావా అన్నా?"

నీకోసమే కదే గొంతు చించుకున్నాను, అనబోయాడు. ఆ మాటంటే మళ్లీ వెళ్లి తలుపేసుకుంటుందని భయమేసింది. దిగమింగుకున్నాడు.

"దాచాను. నీకు లేదు, పో," అన్నాడు.

చెల్లెలు అతన్ని పక్కకు నెట్టేసి, వైద్యురాలి ముందు చెయ్యి చాపింది. సూది దిగేదాకా ఓపిక పట్టి, అతను అటు తిరిగి భోరుమన్నాడు.