గవరమ్మ ఊపిరి

గడ్డం గీయించుకునేటప్పుడే కొండవాడ సంస్థానం రాజా జగ్గభూపతికి కొత్త కొత్త సరదాలు పుడతాయి. దసరాకి పది రోజుల ముందు అలాగే ఒకటి పుట్టింది.

"ఈసారి ఆయుధపూజకి పాత తుపాకుల ప్రదర్శన పెడదాం! చుట్టుపక్కల జమీందార్లని పిలవండి. అసలైన యుద్ధపు తుపాకీ ఏదో తేలుద్దాం. అది విజయదశమినాడు నాతోపాటు ఏనుగెక్కి ఊరేగుతుంది."

రాణిగారి పినతండ్రి కొడుకు శరభరాజు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. పాత తుపాకులు పోగు చేస్తానని ఊరంతా చాటుకునే మనిషి.

"బావగారూ, నా దగ్గర పది ఉన్నాయి. అవి గెలిస్తే మీ ఆయుధశాలలో పెట్టించండి. అక్కడున్న తుప్పు సరుకుని కొలిమిలో వేయించి వంటశాలకి అట్లకాడలు చేయించండి."

"భేష్!" అన్నాడు రాజు. ఆయనకి అట్లంటే మహా ఇష్టం.

ఆ తుప్పు సరుకుని మూడు తరాలుగా తుడుస్తున్నది పీరయ్య కుటుంబం. తుపాకులు పోతే పీరయ్య కొలువూ పోతుంది. కొలువు సంగతి అలా ఉంచండి, గవరమ్మ పోతుందన్నదే అతని దిగులు. గవరమ్మ మనిషి కాదు, తుపాకీ. భుజానికి ఆనించే చెక్క మడమ చీలి, రాగితీగ కట్టుతో ఉంటుంది. పీరయ్య రోజూ దాన్ని తుడుస్తూ ఇంట్లో ముసలమ్మతో మాట్లాడినట్టే మాట్లాడతాడు.

ప్రదర్శన రోజు పొద్దున్నే అన్ని తుపాకులకీ గంధం పూసే పని పీరయ్యకే పడింది. శరభరాజు గొప్పగా చెప్పుకునే 'వీరకేసరి'కి గంధం పూస్తుంటే అతని వేలు ఒకచోట ఆగింది. మళ్లీ తడిమి చూశాడు. ఇక ఆ పూటంతా అతని ముఖంలో దిగులు కనిపించలేదు.

సభలో శరభరాజు తుపాకులు ముఖమల్ గుడ్డ మీద తళతళలాడుతున్నాయి. గవరమ్మా, తక్కినవీ ఈతచాప మీద ఉన్నాయి.

"మా ముత్తాతగారు ఈ వీరకేసరితో ఒక్క పూటలో ఇరవైమందిని పడగొట్టారు," అని శరభరాజు మొదటి జమీందారుకి చెప్పాడు. మూడో జమీందారు వచ్చేసరికి ముప్పైమంది అయ్యారు. రాజుగారు వచ్చేసరికి నలభై.

"నీ గవరమ్మ ఎంతమందిని పడగొట్టిందిరా పీరయ్యా?" అడిగాడు రాజు.

"నాకు తెలవదు మహాప్రభో. తమ తాతగారితో రెండు యుద్ధాలకి వెళ్లొచ్చిందని మా తాత చెప్పేవాడు."

"చెప్పడానికేం! మా తాత చందమామని కాల్చాడని నేనూ చెబుతాను," అన్నాడు శరభరాజు.

"నిజమే అయ్యగారూ. అందుకే నోటిమాటలొద్దు. తుపాకుల్నే అడుగుదాం."

రాజు కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఇలాంటి తుపాకీకి గొట్టం వెనకాల, కుడిపక్కన సన్నని చిల్లు ఉంటుంది మహాప్రభో. చెవి అంటాం. అక్కడ నిప్పు తగిలితేనే లోపలి మందు అంటుకుని గుండు బయటికొస్తుంది. చెవి మూసుకుపోతే తుపాకీ పేలదు, సిపాయి మిగలడు. అందుకే బయల్దేరేముందు మందు లేదని చూసుకుని మూతిలో ఊదేవారు. చెవిలోంచి గాలి వస్తే యుద్ధానికి సిద్ధం."

పీరయ్య పూజపళ్లెంలోంచి చిటికెడు కుంకుమ తీసి గవరమ్మ చెవి మీద పెట్టాడు. రాజు వంగి చూశాడు. పీరయ్య గొట్టంలో ఉఫ్ఫుమని ఊదాడు.

కుంకుమ లేచి తిన్నగా రాజుగారి తెల్లమీసం మీద వాలింది.

సభంతా బిగుసుకుపోయింది. రాజు గట్టిగా తుమ్మి, పకపకా నవ్వాడు. "గవరమ్మ ఊపిరి తీసుకుంటోందిరా!"

"ఇంతేనా?" అని శరభరాజు చేతులు మడిచాడు. "నా వీరకేసరి దెబ్బకి కుంకుమ పైకప్పుకి అంటుకుంటుంది. జరగండి!"

పీరయ్య వినయంగా వీరకేసరి గొట్టం వెనకాల, కుడిపక్కన కుంకుమ పెట్టాడు. శరభరాజు ఊదాడు. మళ్లీ ఊదాడు. బుగ్గలు బూరెల్లా పొంగాయి, కళ్లు ఎర్రబడ్డాయి, తలపాగా జారింది. కుంకుమ మాత్రం పెట్టినచోటే ఉంది.

"మసి... మసి పట్టి మూసుకుపోయింది," అన్నాడు రొప్పుతూ.

పీరయ్య కండువాతో కుంకుమ తుడిచాడు. కింద నున్నటి ఇనుము.

"మసి పట్టాలన్నా ముందు చిల్లుండాలి కదా అయ్యగారూ."

రాజు తడిమి చూశాడు. తక్కిన తొమ్మిదింటినీ తడిమాడు. ఒక్కదానికీ చెవి లేదు.

"చెవి లేని తుపాకీతో మీ ముత్తాత నలభైమందిని ఎలా చంపాడయ్యా?"

శరభరాజు జారిన తలపాగా సర్దుకోసాగాడు. పీరయ్యే చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ఎత్తి నెత్తిన మొత్తి ఉంటారు మహాప్రభో!"

జమీందార్లు పొట్టలు పట్టుకున్నారు. తెరచాటున రాణిగారి గాజులు కూడా గలగలమన్నాయి.

"పట్నంలో బొమ్మ చూపించి చేయించాను బావగారూ," అని శరభరాజు గొణిగాడు. "ఆ బొమ్మలో తుపాకీ ఎడమపక్క మాత్రమే కనిపిస్తుంది. కుడిపక్క ఏముంటుందో నాకేం తెలుసు!"

ఆ మాటకి మళ్లీ నవ్వులు లేచాయి. రాజు కళ్లు తుడుచుకుని తీర్పు చెప్పాడు. ఏనుగెక్కేది గవరమ్మ. ఆయుధశాలకి పెద్ద పీరయ్య. అట్లకాడలయ్యేవి శరభరాజు తుపాకులు.

"ఇంకేం కావాలో కోరుకోరా!"

పీరయ్య గవరమ్మని గుండెకి హత్తుకున్నాడు. కళ్లనీళ్లు తిరిగినా నోరు మాత్రం ఊరుకోలేదు.

"తొమ్మిదే కొలిమికి పంపండి మహాప్రభో, వీరకేసరిని నాకిప్పించండి. ఆయుధశాల తలుపుకి అడ్డగడియ లేదు!"