కొబ్బరి దీవిలో రాజుగారి విడిది

ఏడు సముద్రాల అవతలని అబద్ధం చెప్పను గానీ, ఒక్క సముద్రం అవతల ఓ దీవి ఉండేది. అక్కడ కొబ్బరిచెట్లు ఎంత పొడుగంటే, పొద్దున రాలిన కాయ మాపటికి గానీ నేల తాకేది కాదు. వేసవికి అక్కడ విడిది చేద్దామని రాజుగారికి మనసైంది. ముందుగా చోటు చూసుకోడానికి పడవలో వచ్చి, జాలరోళ్ళందర్నీ పిలిపించాడు.

"పరివారమంతా వస్తాం, వంటోళ్ళతో సహా. కోటలో పిల్లి కూడా మిగలదు. మీరు గుడిసెలు ఖాళీ చెయ్యండి," అన్నాడు.

నూకాలనే ముసల్ది అడిగింది. "మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు దొరా?"

"ఎందుకు రావడం? చల్లారిన పొయ్యి ఎవరు వెలిగిస్తే ఇల్లు వాళ్ళదని మీ ఆచారమేనంటగా. మీ పొయ్యిలు మావోళ్ళు వెలిగిస్తారు."

జనం తలలు దించేశారు. తాతలనాటి దీవి చేజారిపోతోంది. నూకాలు మాత్రం ఓ అడుగు ముందుకేసింది.

"మా ఆచారం తమరు ఒప్పుకున్నారు, అదే చాలు. తమరు బయల్దేరిన రోజే మేమూ పడవలెక్కుతాం."

"ఎక్కడికి పోతారు?"

"తమ కోటకే దొరా. అక్కడ పొయ్యిలన్నీ చల్లారి ఉంటాయి గదా. మేం వెళ్ళి వెలిగించుకుంటాం."

రాజు వెంట వచ్చిన దళవాయి కత్తి మీద చెయ్యేశాడు. రాజు వద్దన్నాడు. "మరి నేనొక్కణ్ణే వస్తే?" అని మెల్లగా అడిగాడు.

"వస్తే చుట్టం," అంది నూకాలు. "చుట్టమొస్తే పొయ్యి మేమే వెలిగిస్తాం."