కలివి మొక్కకు రాజమర్యాద

ఒకానొక రాజ్యంలో, కుంభగిరి అని పేరు దానికి, రణధీరమల్లుడనే రాజు ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ మర్యాదల పిచ్చి జాస్తి. ఆయన పెంచుకునే చిలక పంజరానికి వెండి గొడుగు ఉండేది. ఆయన చెప్పులు మోసే నౌకరు వెనకాల ఆ నౌకరు చెప్పులు మోయడానికి ఇంకొక నౌకరు నడిచేవాడు. అంతఃపురంలో పిల్లి ఎదురొస్తే భటులు పక్కకు తప్పుకుని దండం పెట్టవలసిందే.

ఆ రాజుగారి దేవి మాణిక్యాంబ కొండసీమ ఆడపడుచు. రాజభవనంలో ఆమెకు ఏ లోటూ లేదు. కానీ చిన్నతనంలో ముళ్ల పొదల్లో చేతులు గీరుకుపోతున్నా లెక్కచేయకుండా కోసుకు తిన్న కలివి పండ్లు మాత్రం మరపు రాలేదు. నల్లగా నిగనిగలాడుతూ, నోట్లో వేసుకుంటే నాలుక ఊదారంగుకు తిరిగే పండ్లవి. కొండ నుంచి బుట్టలతో తెప్పిస్తే దారిలోనే చితికి పులిసిపోయేవి.

పండ్లు రాకపోతే మొక్కే వస్తుందన్నాడు రాజు. వెంటనే కొండ మీద ఒక పొదను తవ్వించి, పల్లకీలో ఎక్కించి, మేళతాళాలతో ఊరేగించి ఉద్యానవనంలో నాటించాడు. దానికి సకల రాజమర్యాదలూ జరగాలని ఆజ్ఞ వేశాడు. పైన పట్టు చాందినీ, చుట్టూ పట్టుతెరలు కట్టారు. పూటకొకసారి పాలాభిషేకం, గడియకొకసారి బిందెలతో పన్నీటి స్నానం, మధ్యమధ్య పాదులో పాయసం. పాదులో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండేవి.

తోటమాలి ఓబయ్య భయపడుతూనే, ఇది రాళ్లలో పెరిగిన పొద, నీళ్లు కాస్త తగ్గిద్దామని మనవి చేసుకున్నాడు. రాజు కళ్లెర్రజేశాడు.

"మహారాణి పుట్టింటి నుంచి వచ్చిన మొక్కకు నా ఇంట నీళ్లు కూడా కరువా?"

ఆ మాట తర్వాత ఓబయ్య ఇక నోరు మెదపలేదు. మొక్క ఆకులు పసుపెక్కి రాలిపోయాయి. రెండోది తెచ్చారు, అదీ పోయింది. మూడోది వచ్చినప్పుడు మర్యాదలు చాల్లేదేమోనని రాజు సన్నాయివాళ్లను కూడా కూర్చోబెట్టాడు. అది ఇంకా ముందే పోయింది.

రాజుకు అది తలకొట్టేసినట్టయింది. తప్పంతా ఓబయ్య అశ్రద్ధేనని తేల్చి, మూడో నాటికల్లా పెళ్లాంబిడ్డలతో రాజ్యం దాటిపొమ్మన్నాడు. ఆ తోటలో ఓబయ్య తాత నాటిన సంపెంగలు ఇంకా పూస్తున్నాయి. సభలో ఒక మూల నిలబడి, మట్టి చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు పాపం.

అప్పుడు లేచాడు బొప్పన. రాజుగారి కొలువులో మాటకారి, నవ్వించి పని చక్కబెట్టే మనిషి. ముందుగా ఆ మొక్కకు ఏమేం మర్యాదలు జరిగాయో వినాలని ఉందన్నాడు. రాజు ఒక్కటీ వదలకుండా గర్వంగా చెప్పాడు. బొప్పన చెంపలేసుకున్నాడు.

"ఇంతటి మర్యాదలు ముళ్ల పొదకా ప్రభూ? ఏలినవారికే ఇవి ఇంతవరకూ జరగలేదు. రేపు పొద్దు పొడిచింది మొదలు అదే చోట, అవే మర్యాదలు తమకు జరిపిస్తాను. సాయంత్రానికి తమరు హాయిగా ఉంటే ఓబయ్యతో పాటు నేనూ నా సంసారమూ రాజ్యం దాటిపోతాం. మధ్యలో తమ నోటితో తమరే చాలంటే మాత్రం ఓబయ్య శిక్ష రద్దు. నాలుగో మొక్కను మా ఇష్టానికి వదిలేయాలి."

మర్యాదలు చాలన్న రాజును ఎక్కడైనా చూశావా అని రణధీరమల్లుడు మీసం దువ్వి ఒప్పుకున్నాడు.

బొప్పన గుండె ధైర్యం చూడండి. చమత్కారం చాలామందికి ఉంటుంది. ఎవరో తోటమాలి కోసం తన కాపురాన్ని పణంగా పెట్టే చమత్కారిని మాత్రం నేను అతన్ని ఒక్కణ్ణే ఎరుగుదును.

మర్నాడు చచ్చిన మొక్క పెరికేసిన చోట సింహాసనం వేశారు. రాజుగారి పాదాలు నీళ్లు నింపిన గంగాళంలో పెట్టించాడు బొప్పన. మొక్క కదలదు కనుక తమరూ కదలరాదన్నాడు. చుట్టూ పట్టుతెరలు దించారు. సన్నాయి మొదలైంది. గడియకొకసారి నెత్తిన పన్నీరు, పూటకొకసారి పాలు, మధ్యమధ్య పాయసం.

మొదట్లో రాజుకు భలే సంబరంగా ఉంది. కాసేపటికి తడిబట్టలు ఒంటికి అంటుకుని చలి పుట్టింది. గాలి ఆడక ఆ వెంటనే ఉక్కపోసింది. పాల వాసనకు ఈగలు ముసిరాయి. పొట్ట బిగిసిపోయినా పాయసం మాత్రం వస్తూనే ఉంది. మధ్యాహ్నం దాటేసరికి నానిన అరికాళ్లు తెల్లగా ముడతలు పడి జిలపెట్టాయి. పంతం కొద్దీ పళ్లు బిగించి కూర్చున్నాడు. ఇంతలో బొప్పన మరో బిందె ఎత్తించి దగ్గరకు వచ్చాడు.

రాజు గంగాళాన్ని ఒక్క తన్ను తన్నాడు.

"చాలు! ఇంకొక్క చుక్క పోశావంటే ఊరుకోను."

బొప్పన బిందె దించి చేతులు కట్టుకున్నాడు. "తమకు నోరుంది ప్రభూ, చాలన్నారు. ఆ మొక్కలకు నోరు లేదు, చచ్చి చెప్పాయి. ఓబయ్యకు నోరున్నా ధైర్యం చాల్లేదు."

రాజు ఓబయ్యను చూశాడు, ముడతలు పడ్డ తన పాదాలను చూసుకున్నాడు. కోపం రావలసిన మనిషికి నవ్వొచ్చింది. ఎంత నవ్వాడంటే సన్నాయివాళ్లు ఊదడం మానేశారు. అప్పటికప్పుడు ఓబయ్య శిక్ష రద్దు చేసి, తన చేతి కంకణం తీసి బొప్పనకు తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. ఈ తోటలో ఏ మొక్కకైనా ఓబయ్య వద్దంటే వద్దే, తమరు చెప్పినా సరే, అదొక్కటి ఇప్పించండి అన్నాడు బొప్పన. రాజు సరేనన్నాడు.

ఈసారి ఎవరూ పొదను పెకలించలేదు. బొప్పన ఇంటావిడ దడి వెంట మల్లెకు నేల అంటు ఎలా కడుతుందో అలాగే చేశారు. కొండ మీదే ఒక లేతకొమ్మను నేలకు వంచి, అడుగున బెరడు కాస్త గీకి, అక్కడ మట్టి కప్పి, పైకి లేవకుండా రాయి పెట్టారు. వానాకాలం గడిచేదాకా తల్లి పొద నుంచి వేరు చేయలేదు. కొమ్మకు సొంత వేళ్లు వచ్చాకే కోసి తెచ్చి, గులకరాళ్లు కలిపిన మట్టిలో, నీరు నిలవని గట్టున, ఎండ తగిలేచోట నాటారు. కుదురుకునేదాకా కాసిని నీళ్లు పోసి, తర్వాత దాని మానాన దాన్ని వదిలేశారు.

రెండేళ్లు తిరిగేసరికి తెల్లటి పూలు పూసి, నల్లగా కాసింది. మాణిక్యాంబ దాసీలను పక్కకు పొమ్మని, చేతులు గీరుకుపోతున్నా తనే కోసుకుని తిన్నది. రాజు నాలుక కూడా ఊదారంగుకు తిరిగింది.

సంతోషం పట్టలేక రాజు పక్కనున్న బంగారు చెంబు అందుకుని, నీళ్లతో పొద దగ్గరకు నడిచాడు. ఓబయ్య అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"వద్దు ప్రభూ."

రణధీరమల్లుడు పకపకా నవ్వి, ఆ నీళ్లు తానే తాగేసి, బంగారు చెంబును ఓబయ్య చేతిలో పెట్టాడు.