నూకాలు బార

అనగా అనగా, గోదారి ఏ దారిన సముద్రంలో కలవాలో ఇంకా తేల్చుకోని రోజుల్లో, ఏటి ఒడ్డున నూకాలని ఒకావిడ ఉండేది. పడవ పలకల సందుల్లో కొబ్బరిపీచు కుక్కి గుగ్గిలం పూయడం ఆవిడ పని. మనిషి పొట్టి, నోరు గట్టి.

ఒక్కగానొక్క కూతుర్ని ఏటి నడుమ లంకలో ఇచ్చింది. ఆ పిల్ల కడుపుతో ఉంది. లంకలో మంత్రసాని లేదు. తాటిదోనె కాస్త కదిలితే బోల్తా కొడుతుంది, చూలాలిని ఎక్కించలేరు. వరదల ఎర్రనీరు రాకముందే పెద్ద పడవ కావాలి.

పడవ కట్టేది ఎర్రయ్య, గవరయ్య అనే అన్నదమ్ములు. అన్న చేతులు పొడుగు, తమ్ముడివి కురచ. రెండు చేతులూ చాపితే ఒక బార కదా! కుడిపక్క అన్న తన చేతులు చాపి ఎనిమిది బారలు కొలిచాడు. ఎడమపక్క తమ్ముడు తన చేతులు చాపి ఎనిమిది బారలు కొలిచాడు. ఇద్దరి లెక్కా ఎనిమిదే.

మావిడి పూతకొచ్చే వేళ పడవ దించారు. అది ఎడమకి తిరిగి, గానుగెద్దులా అక్కడక్కడే తిరిగింది.

"నీది దొంగబార" అన్నాడు అన్న.

"నీదే దొంగబార" అన్నాడు తమ్ముడు.

పక్కలు మార్చుకుని మళ్లీ కట్టారు. మావిడి కాయలు దిగే వేళ పడవ దించారు. ఈసారి కుడికి తిరిగింది. ఊరంతా పడీపడీ నవ్వింది. నూకాలుకి మాత్రం ఏడుపొచ్చింది.

మావిడిపళ్లు రాలే వేళకి ఏటి రంగు మారింది. నూకాలు వెళ్లి పలకల మీద కూర్చుంది.

"ఒరే అబ్బాయిలూ, నీ బారా వద్దు, వాడి బారా వద్దు. నా బారతో కొలవండి."

"నీదా? నీ బార నా మూరంత ఉండదు కదత్తా!" అన్నాడు ఎర్రయ్య.

"పొట్టిదైతే ఏంటంట? రెండుపక్కలా అదే పొట్టి కదరా! నా పిల్లకేమన్నా అయితే మీ బారలేం చేసుకుంటారు?"

అన్నదమ్ములు పలకలు విప్పారు. నూకాలు కుడిపక్క చేతులు చాపింది, ఎడమపక్క చేతులు చాపింది. ఆ కొలతకే పలకలు బిగించారు, పడవ దిగింది. ఎర్రనీటిని కోసుకుంటూ సూటిగా లంకకి పోయింది, కూతుర్ని తెచ్చింది. మర్నాడు పొద్దున్నే మనవరాలు కేరుమంది. ఊరంతా మళ్లీ నవ్వింది, ఈసారి నూకాలు కూడా.

ఏళ్లు గడిచాయి. నూకాలు పోయింది. పాడె కట్టకముందే అన్నదమ్ములొచ్చారు. ఆవిడ చేతులు చెరొకటి పట్టుకుని చాపి, ఆ కొలతకి వెదురుకర్ర కోసుకున్నారు. కోస్తూ చిన్నపిల్లల్లా ఏడ్చారు.

తర్వాత అడుగులొచ్చాయి. ఆ తర్వాత మీటర్లొచ్చాయి. కాగితం మీద ఏది రాయమంటే అదే రాస్తారు ఆ ఒడ్డు వడ్రంగులు. కాని తొలి పలక బిగించేముందు ఆ కర్రని కుడిపక్క ఆనిస్తారు, ఎడమపక్క ఆనిస్తారు. ఇక ఎవరైనా ఇద్దరు పంతానికి పోయి నాదంటే నాదని కొట్టుకుంటుంటే, ఇప్పటికీ ఏ ముసలమ్మో గుమ్మంలోంచి కేకేస్తుంది:

"ఆగండ్రా ఇద్దరూ! నూకాలు బార తెండి."