చీమంత కుక్క

రేవు పట్నాన్ని ఆనుకుని ఒక కొండ. ఆదివారం వస్తే చాలు, పట్నం జనమంతా బూట్లు బిగించుకుని దానిమీదికి ఎగబాకుతారు. ఆయాసపడుతూ శిఖరం చేరి, సముద్రం వెనక కనిపించేలా ఫొటోలు దిగి, అరటిపళ్లు తిని, తొక్కలు అక్కడే పడేసి దిగిపోతారు. ఆ తొక్కల కోసం కొండ కింది టీ బడ్డీవాళ్ల మేక గవరమ్మ కూడా జనంతోపాటే ఎక్కేది, జనంతోపాటే దిగేది.

శిఖరం మీద ఒక నక్క ఉండేది. అక్కడే పుట్టి, ఎంగిళ్లు తిని పెరిగింది. ఒక్కసారి కూడా కొండ దిగిన పాపాన పోలేదు. ఎంగిళ్లు మొహం మొత్తి, దాని కన్ను గవరమ్మ మీద పడింది. కానీ జనం ఉండగా మేకను ముట్టుకునే వీల్లేదు. జనం వెళ్లాక మేక ఉండదు.

ఒక ఆదివారం పొద్దు వాలుతుంటే నక్క మెల్లగా గవరమ్మ పక్కకు చేరింది.

"ఏటే కోడలా, అప్పుడే దిగిపోతావేటి?"

"జనం ఎల్లిపోతన్నారు మావా. బడ్డీ కాడ మా పోలిగాడు ఎదురు సూస్తాడు. నన్ను కాసే కుక్క."

"అల్లదిగో, ఆడేనా? ఇలగొచ్చి సూడు. ఓడలు అగ్గిపెట్టెలు, బస్సులు పురుగులు. నీ పోలిగాడు సీమ! సీమ కాపలా కోసం రోజూ కొండ దిగుతావేటే? ఇక్కడే ఉండిపో. పట్నమంతా నీ కాళ్ల కిందుంటది."

గవరమ్మ తొంగి చూసింది. నిజమే, చీమంతే ఉన్నాడు. 'ఇంత చిన్నవాడినా నేను నమ్ముకున్నది?' అనుకుంది. అలా చూస్తూ మైమరచి వెనక్కి తిరిగేసరికి జనం లేరు. నక్క మూతి నాకుతోంది.

గవరమ్మ ఒక్క దూకులో నిటారు బండ మీదికెక్కింది.

"ఎంతసేపుంటావే అక్కడ?" నక్క కింద చతికిలబడింది. "కునుకు పడితే నా నోట్లోనే పడతావు."

గవరమ్మ ఆలోచించింది. నక్క తన ఆకలిని దాచింది గానీ, చీమ గురించి అబద్ధమాడలేదు. ఆ మాట అది మనసారా నమ్ముతోంది.

"నానెలాగూ నీ నోటికే మావా. కానీ ఆ సీమ నన్ను ఎతుక్కుంటూ పైకొస్తది. తినేటప్పుడు కాళ్లు కుడతది. ముందు దాన్ని తొక్కేసి రా. దారి ఒక్కటే గదా, అందులో నువ్వే ఉంటావు. నానెక్కడికి పోతాను?"

"అదెంత పని!" అని నక్క తోక ఊపుకుంటూ దిగింది.

మొదటి మలుపులో చీమ ఎలుకైంది. కళ్లలో దుమ్ము పడిందనుకుంది నక్క. రెండో మలుపులో ఎలుక కాస్తా పిల్లి అయింది. ఆకలికి కళ్లు తిరిగాయనుకుంది. ఆఖరి మలుపు తిరిగేసరికి బడ్డీ ముందు నుంచి పెద్ద పెద్ద కోరలతో ఏదో లేచి నిలబడింది.

"నువ్వు... సీమవి కదూ?" అంది నక్క.

పోలిగాడు పళ్లతో జవాబు చెప్పాడు. నక్క సగం తోక అక్కడే వదిలి, ముళ్లపొదల్లోంచి పడుతూ లేస్తూ శిఖరం చేరింది. పైనుంచి చూస్తే పోలిగాడు మళ్లీ చీమంతే. మిగిలిన సగం తోక మాత్రం ఒప్పుకోలేదు.

నక్క కేకలు వింటూనే గవరమ్మ దారెంట పరుగున దిగి వచ్చింది. తల వంచుకుని నిలబడింది.

"అన్నియ్యా, పైనుంచి నువ్వు సీమంత కనిపించావు. నానూ నిన్ను తక్కువ సేసి సూసాను."

పోలిగాడు దాని వైపు చూశాడు.

"కింద నుంచి నాకు నువ్వు అసలే కనపళ్లేదు సెల్లీ. అందుకే సూపు తిప్పకుండా కూకున్నాను."

ఎత్తు నుంచి చూస్తే ఎవరైనా చిన్నగానే కనిపిస్తారు. అది మన ఎత్తు చేసే మాయే గానీ వాళ్ల కొలత కాదు.