గూడబాతు గారి ఉమ్మడి పహారా

ఆ సరస్సుకు తూర్పుగట్టు ఒక అడవిది, పడమటిగట్టు ఇంకో అడవిది. తూర్పున నీటికుక్కలు, పడమట నారాయణపక్షులు. చేపలకు మాత్రం గట్టు పట్టింపు లేదు. నీళ్ళ నడుమ పెరిగిన జమ్ములోనే గుడ్లు పెట్టేవి. ఆ కాలంలో రెండు గట్లవాళ్ళూ జమ్ము జోలికి పోరు. అది తాతల నాటి కట్టుబాటు.

ఆ ఏడు చేప తగ్గింది. తూర్పుగట్టు పెద్ద సూరమ్మ తన పిల్లలకు నత్తలు పెట్టి నిద్రపుచ్చుతోంది.

"మీవాళ్ళ ముక్కులు బాగా సాగినట్టున్నాయి అన్నా, జమ్ము దాకా అందుతున్నాయి," అంది ఎదుటిగట్టు పెద్దతో.

"మీవాళ్ళు మునిగాక ఎక్కడ తేలతారో ఆ దేవుడికే తెలియాలి చెల్లెమ్మా," అన్నాడు పడమటిగట్టు పెద్ద వీరాస్వామి.

పిట్టపోరు తీర్చడానికి పిల్లి దొరకలేదు గాని, ఉత్తరదేశం నుంచి గూడబాతు గారు వచ్చారు. ముక్కు కింద పెద్ద సంచి, మాటలో తేనె.

"మా దేశంలో అంతా ఉమ్మడి పహారాయే. మీరు వాళ్ళ గట్టు కాయండి, వాళ్ళు మీ గట్టు కాస్తారు. జమ్ము నేను చూసుకుంటాను. పరాయివాణ్ణి, నాకు పక్షపాతం ఏముంటుంది?"

ఎదుటివాళ్ళను కాయమంటే ఎవరికి చేదు? ఇద్దరూ సరేనన్నారు. పొద్దస్తమానం చూపు ఎదుటిగట్టు మీదే. జమ్ము వైపు ఒక్కరూ తల తిప్పలేదు.

ఒకనాడు కొర్రమీను ఒడ్డుకు వచ్చింది. గుడ్ల కాలంలో తల్లిచేపను ఎవరూ ముట్టరు కాబట్టి సూరమ్మకు అంత దగ్గరగా వచ్చింది.

"ఎర్రగా గుంపు కట్టి తిరిగేవి నా పిల్లలు. రోజురోజుకీ గుంపు పలచబడుతోంది అక్కా."

సూరమ్మ వెళ్ళేసరికి గూడబాతు గారు జమ్ములోంచి వస్తున్నారు.

"అంతా క్షేమమేనాండీ?"

ఆయన తల ఊపారు. పొద్దున అంతసేపు ఉపన్యాసం ఇచ్చిన పెద్దమనిషి, జమ్ము చూసి వచ్చాక నోరు విప్పరు. రెండు గట్లూ దాన్ని హుందాతనం అనుకున్నాయి. సూరమ్మా అలాగే అనుకుని దండం పెట్టింది. తలెత్తేసరికి ఆయన సంచి లోపలినుంచి ఏదో తన్నింది.

సూరమ్మ ఇంకోసారి దండం పెట్టి వెనక్కి తిరిగింది. మర్నాడు ఆయన జమ్ములోంచి తిరిగివచ్చే వేళకు రెండు గట్లవాళ్ళనూ సన్మానానికి పిలిచింది. తామరాకు శాలువా కప్పింది.

"ముందు గోవింద చెప్పుకుందాం. అతిథి మొదలుపెట్టాలి, అది మా ఆనవాయితీ."

ఆయన తల ఊపారు.

"తల ఊపితే స్వామికి వినబడదండీ," అంది సూరమ్మ మెల్లగా.

"ఇంత పెద్దమనిషికి దేవుడి పేరు నోట రాదా?" అని గొణిగాడు వీరాస్వామి. అవునవునన్నాయి రెండు గట్లూ.

పరువు పోయేలా ఉందని ఆయన నోరు తెరిచారు. "గో" అన్నారు. తరువాతి అక్షరాలకు బదులు ఎర్రటి చేపపిల్లలు జలజలా నీళ్ళలోకి రాలాయి. కొర్రమీను ఒక్క ఉదుటున వచ్చింది. పిల్లలను ముందు వేసుకుని జమ్ములోకి వెళ్ళిపోయింది.

గూడబాతు గారు ఎగరబోయారు. అంతవరకూ తిన్నది ఎగరనివ్వలేదు. రెండు గట్లవాళ్ళూ చెరోవైపు నడుస్తూ, పొలిమేర దాకా కాలినడకనే సాగనంపారు.

"ఇన్నాళ్ళూ మనం కాసిందేమిటి చెల్లెమ్మా?" అన్నాడు వీరాస్వామి తిరిగివస్తూ.

"మీ కాళ్ళు మేము, మా తోకలు మీరు, అన్నా," అంది సూరమ్మ. ఆ పూట నుంచి ఇద్దరూ ఒకే రాతి మీద కూర్చుని జమ్ము కాశారు.

పొరుగువాడి మీద కాపలా కూర్చున్నవాడి ఇల్లు పరాయివాడి పాలు.