ఏనుగు తాగిన శ్రుతి

అనగా అనగా, నీలగట్టు అనే రాజ్యం. దానికి సోమభూపతి రాజు. ఆయన పట్టపుటేనుగు పేరు మందార.

మందార పిల్ల జబ్బు చేసి చచ్చిపోయింది. ఆనాటి నుంచి మందార మేత ముట్టలేదు, తొట్టిలో నీళ్ల వైపు చూడలేదు. మూడు రోజులైంది.

"ఈ పొద్దు గుంకేలోగా తాగకపోతే దక్కదు ప్రభూ," అని మావటి ఏడ్చాడు.

పాటకైనా దాని మనసు కరుగుతుందేమోనని రాజు చాటింపు వేయించాడు. అయితే ఆ కొలువులో ఒక కట్టడి ఉంది. శ్రుతి తప్పినవాళ్లు వాద్యాన్ని అక్కడే వదిలి పోవాలి.

వీణ పండితుడు వాయించాడు. మందార కన్ను తెరవలేదు.

సన్నాయి విద్వాంసుడు ఊదాడు. మందార చెవి కదపలేదు.

చివరికి పైడమ్మ, ఆమె తమ్ముడు ఓబయ్య వచ్చారు. పైడమ్మ నెత్తిన గిన్నెల బుట్ట. నీళ్లు పోసి పుల్లలతో వాయించే జలతరంగం అది, వాళ్లమ్మ ఇచ్చిపోయింది. ఓబయ్య భుజాన తీగలు మీటి వాయించే మూడు సొరబుర్రల కిన్నెర.

"వంటకొచ్చారా, పాటకొచ్చారా?" అన్నాడు విదూషకుడు. కొలువంతా నవ్వింది.

"ముందు వినండి బాబూ, ఆకలి సంగతి తర్వాత," అంది పైడమ్మ.

చుక్క చుక్కగా నీళ్లు పోసి గిన్నెలకు శ్రుతి కూర్చింది. ఇద్దరూ మొదలుపెట్టారు. అడవిలో రాళ్ల కింద వాగు పారుతున్నట్టుంది ఆ మోత. మందార కన్ను తెరిచింది. లేచింది. మెల్లగా వచ్చి, మొదటి గిన్నె వైపు తొండం చాచింది.

"అక్కా, గిన్నె లాగెయ్! నీళ్లు పోతే శ్రుతీ పోతుంది, అమ్మ గిన్నెలూ పోతాయి!" అని అరిచాడు ఓబయ్య.

పైడమ్మ చెయ్యి గిన్నె మీదికి వెళ్లింది. వెనక్కి వచ్చేసింది.

"తాగనీ తమ్ముడూ. నువ్వు నా స్వరం వెంట రా."

మందార మొదటి గిన్నె పీల్చేసింది. స్వరం చివ్వున పైకెగిరింది. ఓబయ్య కిన్నెర మీద మైనంతో అతికిన మెట్టును బొటనవేలితో జరిపి, ఆ స్వరాన్ని అందుకున్నాడు. రెండో గిన్నె ఖాళీ అయింది. మళ్లీ జరిపాడు. మూడోదీ అయింది. అప్పుడు పుట్టిన రాగం ఆ కొలువులో ఎవరూ ఏనాడూ విననిది. విదూషకుడు నోరు మూయడం మరిచిపోయాడు. మందార తొట్టి దగ్గరికి నడిచి, గటగటా తాగింది.

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, శ్రుతి తప్పింది. కట్టడి..."

"తప్పిందా? దాహం ఎటు పోతే శ్రుతీ అటే పోయింది కదయ్యా!" అంటూ రాజు సింహాసనం దిగి, బిందె ఎత్తి, ఖాళీ గిన్నెల్లో తానే నీళ్లు పోశాడు.

పిల్లలూ, ఎదుటి ప్రాణం కోసం తన పట్టు సడలించుకోగలిగిన విద్యే గొప్ప విద్య.